నేలమాళిగకు నీటి కాలువ

వికారాబాదు జిల్లా తాండూరు మండలమందలి కరణ్‌కోట నుండి యొక సోదరీమణి మాకు జాబు వ్రాసియున్నారు. వారి యిల్లు వాలు నేలపై కట్టినది. వీథినుండి చూచిన నొక్క యంతస్తువలెను, పెరటినుండి చూచిన రెండంతస్తులవలెను కన్పించును. క్రింది యర్ర వీథివైపున పూర్తిగా మట్టిలో దిగియున్నది. పెరటివైపున మాత్రము దానికొక తలుపును, కిటికీయు గలవు. సగము నేలమాళిగ యనవచ్చును. అందు కంది బస్తాలు నిలువజేయుదురు. ఎండకాలమున చల్లగా నుండునని వారి యత్తగారు ఆ గదిలోనే పరుండుదురు.

మూడు వానకాలములనుండి ఆ యర్రలో వీథివైపు గోడయు కాంక్రీటు నేలయు కలియుచోట నీరూరుచున్నదట. గడచిన యేడు రెండు బస్తాల కందులు బూజుపట్టి పశువుల పాలైనవి. అత్తగారికి ఉబ్బసము హెచ్చినది. ఇప్పుడా యింట మూడు మతములు పుట్టినవి. నేలను కోసి గోడవెంట కాలువ తీయవలెనని మేస్త్రీ. ఉన్న నేలపై మరి నాలుగంగుళముల కాంక్రీటు పోయవలెనని పెనిమిటి. నీరంటని రంగు పూసిన చాలునని మరిది. ఏది చేసినను వ్యయమగు ధనము ఆడపిల్ల చదువునకై, హాస్టలు రుసుమునకై దాచినది. ఏది మేలు, మగవారు మాటలాడుకొనుచోట తాను చెప్పదగిన దేమైనను గలదా యని యా సోదరి యడిగినారు.

మేస్త్రీకంటెను, ఇంజనీరుకంటెను ముందు చెప్పదగినవారు వారే యని మా యభిప్రాయము. మేస్త్రీ యొకపూట వచ్చి గోడను తట్టి చూచి పోవును. ఇంటి యజమాని పొలమునుండియో కర్మాగారమునుండియో సాయంకాలము వచ్చును. నీరెప్పుడు వచ్చెను, ఏ మూల ముందు తడిసెను, ఎన్నిమారులు గుడ్డతో నొత్తి పిండవలసివచ్చెను అన్న సంగతి వంగి తుడిచిన యామెకే తెలియును. ఈ వ్యాధికి చికిత్స యంతయు నా సంగతులమీదనే యాధారపడియున్నది. కావున మొదట నొక కాగితము తీసికొని ఈ క్రింది విషయములు వ్రాసిపెట్టుకొనవలెను.

వాన వెలసిన యెంతసేపటికి నీరు కన్పించుచున్నది? గంటలోపల కన్పించినచో నది పైనుండి, అనగా మిద్దెమీదినుండియు వాకిటిలోనుండియు గోడవెంట దిగిన నీరు. వాన వెలసి రెండుమూడు దినములైన పిమ్మట మెల్లగా నూరి, వారములకొలది తగ్గకున్నచో నది భూమిలోపల మట్టము పెరిగిన నీరు. వానతో నిమిత్తము లేకయే, ఎండకాలమందు గూడ తడి యున్నచో కుళాయి గొట్టమో, నీళ్ళ సంపో, మరుగుగుంతయో కారుచున్నదని యనుమానింపవలెను. రాత్రి సంపు నిండించి, ఎవ్వరును నీరు వాడకుండ మట్టమునకు గీతగీసి, తెల్లవారి చూచినచో సంపు సంగతి తేలిపోవును.

ఇంకొక పరీక్ష గలదు. రెండడుగుల చదరమైన మందపు ప్లాస్టిక్ కాగితమును తెచ్చి, పొడిగా తుడిచిన నేలపై పరచి, నాలుగంచులును గాలిచొరకుండ అంటించి యొక రాత్రియు నొక పగలును విడువవలెను. కాగితము క్రింద చెమ్మ పట్టినచో నీరు భూమినుండి వచ్చుచున్నది. క్రింద పొడిగా నుండి పైభాగమున చెమ్మ నిలిచినచో నది గదిలోని గాలిలోని తడి. చల్లని నేలపై మంచువలె దిగినది. దానికి కాలువయు నక్కరలేదు, కాంక్రీటు నక్కరలేదు. కిటికీ తెరచి గాలి యాడనిచ్చిన చాలును. బట్టలారవేయుటయు, నీళ్ళు కాచుటయు నా గదిలో చేయువారు ముందీ పరీక్ష చేయుట మంచిది.

ఇక నా ప్రాంతపు నేల సంగతి. తాండూరు బండలు, షాబాదు బండలు అని మనము పిలుచు నాపరాళ్ళు తెలుగునాట నెరుగని యిల్లు లేదు. నీలిరంగును, పసుపురంగును గల ఆ బండలు కరణ్‌కోట చుట్టుపట్ల భూమిలో పొరలు పొరలుగా, పుస్తకములోని పుటలవలె పేర్చినట్లుండును. ఒక్కొక్క పొరను పలుగుతో లేపి యెత్తుట చేతనే మన యిండ్లకు నున్నని బండలు దొరకుచున్నవి. సిమెంటునకు ముఖ్యమైన ముడిసరుకును ఆ సున్నపురాయియే. భారత ప్రభుత్వపు సంస్థయైన సిమెంటు కార్పొరేషను వారి కర్మాగార మా గ్రామమున నుండుట యందువల్లనే. ఈ పొరల సందులలోనుండి నీరు అడ్డముగా బహుదూరము నడచును. పైన నల్లరేగడి పరచియున్నచోట్ల ఆ మట్టి యెండకాలమున చెయ్యి దూరునంత నెరియలు విచ్చి, వానకాలమున నీరుత్రాగి యుబ్బి, గోడను లోనికి త్రోయును. కంది పైరునకు ప్రసిద్ధికెక్కిన ప్రాంతమది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. పంటకు మేలుచేయు రేగడి, నేలమాళిగ గోడకు మాత్రము మిత్రురాలు గాదు.

నీరు పోవు దారి యెంత చిత్రమో చూడుడు. అదే జిల్లాలో అనంతగిరి కొండలయందు పుట్టిన మూసీ తూర్పునకు హైదరాబాదు వైపు పోవును. తాండూరు ప్రక్కనుండి పారు కాగ్నా పడమరకు కర్ణాటకములోనికి పోయి భీమానదిలో కలియును. రెంటి నీరును తుదకు కృష్ణకే చేరును. ఎత్తునుండి పల్లమునకు దారి దొరికినంతవరకు నీరెవ్వరిని బాధింపదు. దారి మూసినచోటనే నిలిచి త్రోయును. మన సోదరి యింట జరుగుచున్నదియు నదియే.

కాబట్టి ముందు బయటి సంగతి చూడవలెను. వెయ్యి చదరపుటడుగుల మిద్దెపై నొక్క యంగుళము వాన కురిసినచో ఇంచుమించు 2,360 లీటర్ల నీరగును. అంత నీరును ఒకటి రెండు తూములగుండ దిగి గోడమొదటనే పడినచో, అది యా గోడకును పాతిన మట్టికిని నడుమనున్న సందులోనికే దిగును. వీథివైపు తూములకు గొట్టము తగిలించి, ఆ నీటిని పెరటి పల్లమునకో, లేక వాననీటి సంపునకో కొనిపోవుట మొదటి పని. ఆ పిమ్మట గోడనుండి పదియడుగుల మేర, వెలుపలికి ఆరంగుళములు పల్లమగునట్లు మట్టి సర్దవలెను. అంత స్థలము లేనిచో నున్నంతమేరకైనను నాపబండ పరచి, గోడ కంటుకొన్న సందును సున్నముతో గాక సిమెంటుతో మూసి, వాలు వీథివైపునకుంచవలెను. గోడప్రక్కనే తులసికోటకును, మల్లెపాదునకును దినదినము నీళ్ళుపోయు నలవాటున్న యిండ్లలో ఆ పాదులను కొంచెము దూరము జరుపుట యవశ్యము. ఈ పనులకు కూలి తక్కువ, వస్తువులు తక్కువ, అపాయము లేదు. వాన వెలసిన గంటలోపలనే నీరు కన్పించు నిండ్లలో తరచుగా నింతటితోనే బాధ తీరును. మా సలహా యేమనగా: ఈ యేడు బయటి పని చేయించి యొక వానకాలము చూడుడు. అంతవరకు బస్తాలను మేడమీదికి చేర్చుడు. చేర్చుటకు వీలులేనిచో కొయ్యపలకలపై, గోడకు జానెడు దూరమున పేర్చుడు. పెద్దవారి మంచమును వానకాలము నాలుగు నెలలును పైగదికి మార్చుడు. అట్లు చేసిన, పిల్ల హాస్టలు ధనము మీద చేయివేయవలసిన యవసరమే లేకపోవచ్చును.

బయటి పని యంతయు చేసినను నీరూరుచుండినచో నప్పుడు నేల సంగతి. ఇక్కడ మూడు మతములను తూచి చూతము.

రంగు సంగతి ముందు. లోపలివైపున పూసిన రంగును నీరు వెనుకనుండి త్రోయును. గోడలోని యుప్పు తెల్లని పొడిగా పేరి, రంగు పొక్కులు లేచి, రెండవ యేటికి పెచ్చులుగా రాలును. వెలుపలివైపున పూసిన పూత గోడకు అదుముకొనును. లోపల పూసినది గోడనుండి వీడును. ఇందు అంతకుమించిన రహస్యము లేదు. మరిదిగారి మతము చవుక. అంతమాత్రమే దానియందలి గుణము.

రెండవది కాంక్రీటుమీద కాంక్రీటు. చదరపుటడుగు మేర నాలుగంగుళముల మందము గల కాంక్రీటు ఇంచుమించు 23 కిలోల బరువుండును. నేల యడుగుమట్టమునకంటె నొక్క యడుగు పైకి భూమిలోని నీరు పెరిగినచో, అది ప్రతి చదరపుటడుగును 28 కిలోల బలముతో పైకి త్రోయును. చూచితిరా, ఒక్క యడుగు నీరు నాలుగంగుళముల కాంక్రీటును మోయగలదు! గదియంతయు లెక్కించినచో, నూరు చదరపుటడుగులకు 2,800 కిలోలకు పైబడును. ఉన్న నేలపై మరి నాలుగంగుళములు పోసిన బరువు హెచ్చునుగాని, నీటికి దారి యేర్పడదు. అది గోడవెంట మరి నాలుగంగుళములు ఎక్కి వచ్చును. గది కప్పు తగ్గును, తలుపు కోయవలసివచ్చును, ధనము పోవును. కొంతకాలము తడి కన్పింపకపోవుట చేత జనులీ పద్ధతి మంచిదని భ్రమపడుదురు.

మేస్త్రీ చెప్పిన మూడవ మతమే సరియైనది. ఐతే కాలువ యన్న నొక్కటేయని తలపరాదు. రెండు విధములు గలవు. నేల పైభాగమున రెండంగుళములు గీసి, సిమెంటు పూసి విడుచునది యొకటి. అది పైకి వచ్చిన నీటిని మోరీకి చేర్చును, స్నానపుగదిలో మనమెరిగినదే. నేలను పూర్తిగా చీల్చి, దాని క్రింద కంకర పరచి, చిల్లుల గొట్టము పెట్టి, నీరు పైకి రాకముందే దానిని పట్టి బయటికి పంపునది రెండవది. ఊటకు కావలసినదీ రెండవదియే. మేస్త్రీ యేది చేయదలచినాడో ముందుగానే అడిగి తెలిసికొనవలెను. మొదటిదానికి కూలి తక్కువ గనుక దానినే చేసి రెండవదాని వెల చెప్పువారు లేకపోలేదు.

ఈ రెండవ విధమునకు పడమటి దేశములలో ఫ్రెంచి కాలువ యని పేరు. ఫ్రాన్సు దేశమునకును దీనికిని సంబంధము లేదు. అమెరికాలో హెన్రీ ఫ్రెంచి యను న్యాయవాది పొలములలో నీరు నిలువకుండ చేయు విధమును గూర్చి 1859లో నొక గ్రంథము వ్రాసెను. ఆయన పేరే దానికి నిలిచినది. ఆయన కుమారుడే వాషింగ్టను నగరమున లింకను స్మారకమందలి పెద్ద శిలావిగ్రహమును రూపొందించిన డేనియల్ ఫ్రెంచి. తండ్రి మురుగు తీయు విద్యలోను, కుమారుడు శిల్పములోను పేరుగన్నారు. రెండును రాతితో సంబంధించిన పనులే.

ఇక కోయు విధము. గది పొడవున వీథివైపు గోడకు సమానముగా, అడుగు వెడల్పున రెండు గీతలు సున్నపు దారముతో కొట్టవలెను. గ్రైండరుకు వజ్రపు పలుకులు గల చక్రము తగిలించి ఆ గీతలవెంట కోయుదురు. చేతితో పట్టుకొను నాలుగంగుళముల చక్రము ఇంచుమించు అంగుళము లోతే తెగవేయును. తక్కినదానిని సుత్తి, ఉలి పట్టి నడుమనుండి పగులగొట్టవలెను. అంచున కోత యున్నందున పగులు ప్రక్కలకు ప్రాకదు. కోతయే లేకుండ సమ్మెటతో మోదినచో నేలయంతయు నెరియలు విచ్చి, ఆ నెరియలనుండియే మరల నీరూరును.

ఇచ్చట నొక ముఖ్యవిషయము. మట్టిలో పాతిన గోడను మట్టి దినమెల్ల లోనికి త్రోయుచుండును. ఆ గోడ పాదమునకు కాంక్రీటు నేల యొక యూతకొయ్యవలె ఆనియుండును. గోడ పొడవున కాలువనంతయు నొక్కదినమున తెరచినచో ఆ యూత తీసివేసినట్లగును. కాబట్టి నాలుగైదడుగుల చొప్పున తెరచి, గొట్టము పెట్టి, కంకర నింపి, పైన కాంక్రీటుతో మూసి, అది గట్టిపడిన పిమ్మటనే తరువాతి ముక్కను తెరవవలెను. ఈ పని వానకాలమున చేయింపరాదు. మట్టి తడిసి బరువెక్కియుండును. శివరాత్రి మొదలు ఉగాదివరకు మంచి యదను. ఏ కారణముచేతను పునాది యడుగు మట్టమునకంటె లోతుగా త్రవ్వరాదు. కోయునప్పుడు లోపల దగ్గరదగ్గరగా ఇనుప కడ్డీలు కన్పించినచో వెంటనే ఆపి ఇంజనీరుకు చూపవలెను. కడ్డీలున్న నేల యింటి బరువు మోయుచున్నదేమో తెలియకుండ దానిని తెగవేయుట ప్రాణములతో చెలగాటము. అట్లే నేలక్రింద కరెంటు తీగయో, నీళ్ళ గొట్టమో పోవుచున్నదేమో, ఇల్లు కట్టినవారిని ముందుగా నడుగుడు.

ఇంతవరకు ఇంటి క్షేమము. కోయువాని క్షేమమును గూర్చి కొంచె మెక్కువగా వ్రాయదలచితిమి. కాంక్రీటులో సిమెంటు కొంతయే. ఇసుకయు, నల్లరాతి కంకరయు నెక్కువ. ఆ రెంటియందును స్ఫటికపు రాయి యున్నది. దానిని పొడిగా కోసినప్పుడు లేచు దుమ్ములో కంటికి కన్పడునది గాక, కన్పడనిదియే యపాయకరము. అది ఊపిరితిత్తుల లోతులకు దిగి అక్కడనే నిలిచి, మచ్చలు కట్టి, యేండ్లకు గాని బయటపడని సిలికోసిసు వ్యాధిని పుట్టించును. దానిని కుదుర్చు మందు లేదు. 1930, 1931 సంవత్సరములలో అమెరికాలోని వెస్టు వర్జీనియాలో నొక సొరంగమును స్ఫటికపు రాతిలో పొడిగా తొలిచినందున వందలకొలది కూలీలు మరణించిరి. మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ఈ వ్యాధి సోకినచో ప్రభుత్వమునకు తెలుపవలసిన వ్యాధులలో చేర్చినది. చట్టము కర్మాగారముల గోడలలోపలిది. మన యింట నేల కోయు మనిషికి ఆ చట్టము తోడురాదు. ఇంటివారే రావలెను.

కిటికీ యొక్కటే గల యర్రలో మూడు గంటలు పొడిగా కోసినచో ఆ మనిషి ముక్కుకు కట్టుకొన్న తువాలు ఏమియు నాపదు. చక్రముమీద నీరు ధారగా పడునట్లు చేసి తడిగానే కోయించవలెను. ఒకరు సీసాతో నీరు పోయుచు నొకరు కోయుట సామాన్యముగా జరుగు పద్ధతి. చక్రమునకే నీటి గొట్టము తగిలించిన యంత్రములును అద్దెకు దొరకును, అవి మేలు. నీరును కరెంటును కలియుచోట ఇంకొక యపాయమున్నది గదా. కావున తడికోతకు పనికివచ్చు యంత్రమే కావలెను. తీగలో అతుకు లుండరాదు. విద్యుత్తు దారితప్పిన క్షణమున తనంత తానే యాగు బ్రేకరుద్వారానే కరెంటు తీయవలెను. మూతిగుడ్డ కాక, 2020 నాటి మహమ్మారి దినములలో మనమందరము నెరిగిన ఎన్-95 ముసుగు పనివానికి మనమే కొని యీయవలెను. వద్దనును, బలవంతపెట్టవలెను. పెట్రోలుతో నడచు కోతయంత్రమును మూసిన గదిలోనికి రానీయరాదు. దాని పొగలోని విషవాయువునకు వాసనలేదు, నిముషములలో మనిషిని పడవేయును.

పని ముగిసిన పిదప చీపురు పట్టునది యెవరో మనకు తెలియును. ఆ దుమ్మును పొడిగా నూడ్చుట, కోయుటతో సమానమైన యపాయము. నీళ్ళు చల్లి, బురదచేసి, పారతో నెత్తి సంచిలో కట్టవలెను. ఉబ్బసముగల పెద్దవారిని, చంటిపిల్లలను ఆ రెండుమూడు దినములు వేరే యింట నుంచుట మంచిది. పై గదికి పోవు తలుపునకు తడిగుడ్డ వ్రేలాడదీసి సందులు మూయుడు. లేనిచో ఆ పొడి వంటయింటి డబ్బాలవరకు వచ్చును.

చీల్చిన కాలువకు వాలు నూటికొకటి చొప్పున నుండవలెను. అనగా ఇరువదియడుగుల పొడవునకు చివర ఇంచుమించు రెండున్నర యంగుళముల పల్లము. కంటి యంచనా పనికిరాదు. పారదర్శకమైన గొట్టములో నీరునింపి రెండు చివరల మట్టము చూచు పద్ధతి మేస్త్రీలందరికిని తెలియును. ఎదురుగా నిలిచి చూపించుమనుడు. అడుగున రెండంగుళముల కంకర పరచి, నాలుగంగుళముల చిల్లుల పి.వి.సి. గొట్టమును చిల్లులు క్రిందివైపునకుండునట్లు పెట్టవలెను. చిల్లులు పైకుండవలెనని వాదించువారు గలరు. నీరు క్రిందనుండి పెరిగి వచ్చునుగాన చిల్లులును క్రిందనే యుండవలెను. చుట్టును కంకర నింపి, మట్టి చొరకుండ దానిని వడపోత గుడ్డతో చుట్టవలెను. ఈ గుడ్డ యెందుకన్న, రేగడి మెత్తని మట్టి. నీటితో కలిసి గొట్టములోనికి వచ్చినచో గొట్టము పూడుటయే గాక, పునాది క్రింది మట్టి కొంచెము కొంచెముగా కడుగుకొనిపోవును. కాలువలోనుండి వచ్చు నీరు మొదటి రెండుమూడు దినములు మురికిగా నున్న భయము లేదు. నెలలు గడచినను బురదనీరే వచ్చుచున్నచో మేస్త్రీని మరల పిలువవలెను.

ఒక్కొక్క ముక్కను మూయకముందు పై చివరనుండి బిందెడు నీరు పోయుడు. అది యెక్కడను నిలువక క్రింది చివరకు చేరినదో లేదో మీరే చూడుడు. ఈ పరీక్షకు ఖర్చులేదు. మూసిన పిమ్మట దీనిని చేయుటకు వీలునులేదు.

నీటిని ఎక్కడికి పంపుట? సమభూమిపై కట్టిన నేలమాళిగలకు ఒక మూల గుంత త్రవ్వి, నీరు పెరిగినప్పుడు తనంత తానే తిరుగు మోటారు పెట్టక తప్పదు. గాలివానలో కరెంటు పోవుట మనకు క్రొత్తగాదు. నీరు మిక్కుటముగా నూరునదియు నప్పుడే. మన కరణ్‌కోట సోదరి యదృష్టవంతురాలు. వారి యింటి వెనుకవైపు పల్లము. ప్రక్కగోడవెంట గొట్టమును పెరటికి నడిపించినచో మోటారు లేకయే నీరు పోవును. బయటి చివరకు ఎలుకలు, పాములు చొరకుండ జాలీ బిగించవలెను. పొరుగువారి గోడమొదటికి నీటిని విడుచుట న్యాయము గాదు. అరటిపాదునకో, ఇంకుడుగుంతకో విడువవచ్చును, ఐతే ఆ గుంత ఇంటికి దూరముగా పల్లమున నుండవలెను. వంటయింటి మురుగునుగాని, మరుగుదొడ్డి నీటినిగాని ఈ కాలువలో కలుపరాదు.

కాలువను పూర్తిగా కాంక్రీటుతో మూసివేయు పద్ధతియు గలదు. మేము దానిని మెచ్చము. ఆరేడడుగుల కొకచోట అడుగు చదరమున కాంక్రీటు పోయక విడిచి, అంగుళము మందపు నాపబండ ముక్కను మూతగా పెట్టించుకొనుడు; ఆ యూరిలో బండకు కొదవలేదు. బండకొక మూల వ్రేలుపట్టునంత రంధ్రము వేయించిన లేపుట సులభము. ఆ బండలను కడుగుటకు యాసిడు వాడకుడు. సున్నపురాయి గనుక అది నురుగులు గ్రక్కి, మెరుపు పోయి, గరుకుబారును. ఈ మాట ఇంటినిండ తాండూరు బండ పరచుకొన్నవారందరికిని చెందును.

బండలు పరచిన నేల సంగతి కూడ ఇచ్చటనే చెప్పుట మంచిది. క్రింది గదిలో కాంక్రీటునకు బదులు నాపబండలే యున్న పాతయిండ్లలో కోతయంత్రముతో పనిలేదు. గోడప్రక్క వరుస బండలను గడ్డపారతో జాగ్రత్తగా లేపి, సంఖ్యలు వేసి ప్రక్కన పెట్టి, కాలువ త్రవ్వి, మరల వానినే పరచవచ్చును. దుమ్ము లేదు, శబ్దము లేదు, బండ చెడదు. కాంక్రీటు నేల క్రొత్తదనియు, బండనేల పాతదనియు చిన్నచూపు చూచి బండలు తీయించి కాంక్రీటు పోయించుకొనువారు ఈ సంగతి యొకమారు ఆలోచింపవలెను. బండల సందులగుండ నేల ఊపిరి పీల్చుకొనును. ఒక బండ చెడినచో నొక్క బండయే మార్చవచ్చును.

హైదరాబాదువంటి పట్టణములలో పెద్ద భవనములయందు నివసించు సోదరీమణులు, మా సెల్లారులోను ఇట్లే కోయించవచ్చునా యని యడుగుదురేమో. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానకు అక్కడ అనేక సెల్లారులు మునిగినవి. అది ఊట గాదు, వీథినుండి దిగిన వరద; దానికి ద్వారముకడ గట్టును, వీథి కాలువయు ముఖ్యము. అట్టి భవనముల నేల తరచుగా ఇనుప కడ్డీలతో కూడి భవనము బరువునే మోయుచుండును. ఇంజనీరు వ్రాతపూర్వకముగా చెప్పనిదే అక్కడ ఉలి ముట్టించరాదు. నీరు నిలిచిన సెల్లారులో మోటారు స్విచ్చి వేయుటకు దిగుట యంతకంటెను ప్రమాదము. పైన మెయిను ఆపిన పిమ్మటనే యెవ్వరినైనను దిగనీయవలెను.

కాలువ తీసినవెంటనే గది పొడియగునని యెదురుచూడరాదు. ఊట ఆగినను, గోడలోనికి ఇంకిన తడి ఆరుటకు నెలలు పట్టును. అంతవరకు గోడకు రంగు వేయింపక, పేరిన యుప్పును పొడి కుంచెతో దులుపుచు, పెరటి కిటికీ పగలెల్ల తెరచియుంచుడు. పైన చెప్పిన ప్లాస్టిక్ కాగితపు పరీక్షను నెలకొకమారు చేసిన తడి తగ్గుట తెలియును. కాగితము క్రింద రెండుమారులు వరుసగా చెమ్మ కన్పింపనప్పుడు బస్తాలు దింపుకొనవచ్చును. కందులను దింపుటకు ముందు రెండు మంచి యెండలలో ఆరబోయుడు. కొరికిన గింజ మెత్తగా నలుగక పటుక్కున విరుగవలెను.

ఏటేట మృగశిరకార్తె ప్రవేశించుటకు ముందు మూతబండలు లేపి, లోపల చేరిన మట్టిని తీసి, పై చివరనుండి రెండు బిందెల నీరు పోసి చూచుకొనుడు. జాలీకి ఆకులడ్డుపడి కాలువలో నీరు వారము పదిదినములు కదలక నిలిచినచో అందు దోమలు పుట్టును. డెంగీ జ్వరము తెచ్చు దోమకు అంత గడువు చాలును. కాలువ పటము నొకటి, ఎక్కడ మొదలై యెక్కడ తిరిగి యెక్కడ ముగియునో, ఏ బండక్రింద మూత యున్నదో అడుగుల లెక్కతో గీసి, ఇంటి పత్రములతో కలిపి పెట్టెలో నుంచుడు. పది సంవత్సరముల తరువాత మరియొక మేస్త్రీ వచ్చి నేల తట్టునప్పుడు దానిని తీసి చూపవచ్చును.